వేడి దెబ్బ తిన్న బాక్టీరియా - పరీక్షలో దానిని పట్టుకొనుట ఎట్లు?

మీ గ్రామములో ఒక పెండ్లి జరిగినదనుకొనుడు. మధ్యాహ్నము రెండువందల మంది భోజనము చేసిరి. కోడికూర కొంత మిగిలినది. రాత్రి దానిని కొంచెము వెచ్చజేసి దగ్గరి బంధువులు తినిరి. మరునాటి సాయంత్రమునకు ముప్పదిమందికి జ్వరము, కడుపునొప్పి, విరేచనములు పట్టుకొన్నవి. వంటవాడు భయపడి, అడుగున మిగిలిన కూరను ఇంకొకమారు పొయ్యిమీద పెట్టి దింపెను. ఆ తరువాత గాని ఎవరికిని నమూనా తీయవలెనను ఆలోచన రాలేదు. ఆ కూరలోనిదే కొంత సీసాలో పోసి పరీక్షకు పంపిరి. "హానికర బాక్టీరియా కనబడలేదు" అని జవాబు వచ్చినది. కూరలో దోషము లేదు, నీళ్లలోనే ఉన్నదని తలచి బావిలో బ్లీచింగు పొడి చల్లి ఊరకొనిరి. అదే చోటినుండి వచ్చిన కోళ్లు మరుసటి వారము ప్రక్క ఊరి పెండ్లికి వెళ్లినవి.

ఇది కల్పించి చెప్పిన ఉదాహరణమే. అయినను ఇట్టిది జరుగుటకు వీలున్నదని గ్రామాధికారులును, చదువుకొన్న రైతులును ఎరిగియుండుట అవసరము. ఇందులో పరీక్షశాలవారు అబద్ధమాడలేదు. వారికి బాక్టీరియా నిజముగనే కనబడలేదు. కాని కనబడకపోవుట వేరు, లేకపోవుట వేరు. వేడి తగిలిన ఆహారములో ఈ రెంటికిని మధ్య ఎంత దూరమున్నదో, ఆ దూరమును పరీక్షశాలలో ఎట్లు పూడ్చుదురో ఈ వ్యాసములో తెలిసికొందము.

చావునకు, బ్రతుకునకు మధ్య

వేడిచేసినచో సూక్ష్మజీవులన్నియు ఒక్కమారుగ చచ్చునని సాధారణముగ మనము అనుకొందుము. అది సరికాదు. అవి వంతులవారీగ చచ్చును. ఒక చారులో పదిలక్షల బాక్టీరియా ఉన్నవనుకొనుడు. ఒక నియమితమైన వేడివద్ద ఒక నిమిషములో నూటికి తొంబది చచ్చినచో లక్ష మిగులును. రెండవ నిమిషము తరువాత పదివేలు, మూడవ నిమిషము తరువాత వేయి మిగులును. ఈ లెక్క ఎంతదూరము పోయినను ఉన్నట్లుండి సున్నకు రాదు. అందువలననే పాలను పాస్చరైజు చేయునప్పుడు వేడి ఎంత అని మాత్రమే గాక, ఆ వేడి ఎంతసేపు అనునది కూడ నిర్ణయించినారు. 63 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 30 నిమిషములు, లేదా 72 డిగ్రీలకు దగ్గరగ 15 సెకనులు. రెంటిలో ఏది తగ్గినను పని చెడును.

మరియొక సంగతి. ఒకే బాక్టీరియా అన్ని ఆహారములలోను ఒకే వేడికి చావదు. నీళ్లుగా నున్న పదార్థములో త్వరగ చచ్చునది, పొడిగా గాని జిడ్డుగా గాని ఉన్న పదార్థములో చాలసేపు తట్టుకొనును. పలుచని పాలలో కొద్ది నిమిషములకే నశించు సాల్మొనెల్లా, కరగిన చాకొలెట్టులో 70 డిగ్రీల వేడివద్ద గంటల తరబడి బ్రతికి యుండగలదు. ఇది రైతులకు వింతగా తోచదు. నానిన విత్తనము ఎండ వేడికి చెడిపోవునంత త్వరగ ఎండిన విత్తనము చెడదని మీకు అనుభవమే గదా. పాలపొడి, గ్రుడ్లపొడి, వేరుసెనగ ముద్ద, కోళ్ల దాణా మొదలగు వానిలో ఈ జాగ్రత్త మరింత అవసరము.

ఇక అసలు విషయము. చచ్చినవి పోను మిగిలినవన్నియు ఆరోగ్యముగ నుండవు. వానిలో ఎక్కువభాగము దెబ్బ తిని, కొన ఊపిరితో ఉండును. వడగాడ్పు తగిలిన పశువును చూచినారు గదా. అది చావలేదు, మేత మేయలేదు, లేవలేదు. నీడన కట్టి, నీళ్లు చూపి, ఒక పూట విశ్రాంతి యిచ్చినచో కోలుకొనును. ఆ స్థితిలోనే దానిని బండికి కట్టినచో కూలిపోవును. వేడి దెబ్బ తిన్న బాక్టీరియా సరిగా ఇట్లే యుండును.

దెబ్బ ఎక్కడ తగులునని అడుగవచ్చును. సాల్మొనెల్లా, ఈకోలై జాతులకు మామూలు పొరకు వెలుపల మరియొక పైపొర కలదు. పశువుల ప్రేగులలోని పైత్యరసమునుండి దానిని కాపాడునది ఈ పైపొరయే. వేడికి ఈ పొర అక్కడక్కడ ఊడిపోవును. లోపలనున్న మెగ్నీషియము, పొటాషియము వంటి లవణములు బయటకు కారిపోవును. మాంసకృత్తులను తయారుచేయు సూక్ష్మమైన భాగములు కణములోపల విరిగిపోవును. అదిగాక, ప్రాణవాయువు తగిలినప్పుడు పుట్టు హైడ్రోజన్ పెరాక్సైడు అను విషమును విరిచివేయు శక్తి కూడ సన్నగిల్లును. ఆరోగ్యముగ నున్నప్పుడు ఆ విషము దానికి లెక్కలోనిది కాదు. దెబ్బ తిన్నప్పుడు అదే చంపును.

ఈ విషయమును చక్కగ చూపిన పరిశోధన ఒకటి 1966 లో వెలువడినది. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయములో ఇయాండోలో, ఆర్డాల్ అను శాస్త్రజ్ఞులు స్టెఫిలోకాకస్ అను బాక్టీరియాను 55 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 15 నిమిషములు వేడిచేసిరి. ఇది ఉప్పును బాగుగ తట్టుకొను జాతి. నూటికి ఏడున్నర పాళ్లు ఉప్పున్న ఆహారములోను సుఖముగ పెరుగును. కాని వేడి తగిలిన తరువాత బ్రతికి యున్నవానిలో నూటికి తొంబదితొమ్మిదికి పైగా ఆ ఉప్పులో పెరుగలేకపోయినవి. ఉప్పు పలకపై మాత్రమే చూచినవారు అన్నియు చచ్చినవనియే వ్రాసియుందురు. వానినే మంచి పోషక ద్రవములో వేసి వెచ్చగ నుంచగా సుమారు నాలుగు గంటలలో కోలుకొని, మరల ఉప్పును తట్టుకొను శక్తి తెచ్చుకొన్నవి. నాలుగు గంటలు మాత్రమే! మధ్యాహ్నము వండిన కూర సాయంత్రము వరకు గిన్నెలో ఉండునంత సేపు.

పరీక్షలో కలుపుమందు

పరీక్షశాలలో సాల్మొనెల్లాను వెదకుటలో ఒక చిక్కు కలదు. ఆహారములో అది ఒంటరిగ నుండదు. ఒక్క సాల్మొనెల్లాకు వేలకొలది, లక్షలకొలది ఇతర బాక్టీరియా ఉండవచ్చును. మామూలు పోషక ద్రవములో పెంచినచో ఆ గుంపులో ఇది కనబడదు. కనుక ఇతర జాతులను అణచి దీనిని మాత్రము పెరుగనిచ్చు ప్రత్యేకమైన ఆహారమును తయారుచేసినారు. అందులో పైత్యరస లవణములు, కొన్ని రంగులు, మెగ్నీషియము క్లోరైడు, టెట్రాథయోనేటు మొదలగునవి కలుపుదురు. ఇది వరిచేలో కలుపుమందు వేయుట వంటిది. మందు గడ్డిని చంపును, వరిని విడిచిపెట్టును.

అయితే నాటిన మరునాడే, వేరు పట్టని లేతనారుపై అదే మందు పడినచో ఏమగునో మీకు తెలియును. వరికూడ మాడిపోవును. ప్రయోగశాలలో జరుగు పొరపాటు ఇదియే. పైపొర ఊడిన సాల్మొనెల్లాను నేరుగ పైత్యరస లవణములలో వేసినచో, తనను కాపాడవలసిన పొర లేనందున ఆ లవణములు లోపలకు చొరబడి దానిని చంపివేయును. పలకపై ఏమియు మొలవదు. "కనబడలేదు" అని వ్రాయుదురు. వంటలో చావని జీవిని పరీక్షలో మనమే చంపి, లేదని చెప్పుచున్నామన్నమాట.

దీనికి విరుగుడు చాల సులభమైనది. తొందరపడక విశ్రాంతి నిచ్చుటయే. పది రోజులు లంఖణము చేసిన రోగికి మొదట జావ పోసి, తరువాత గాని పులుసన్నము పెట్టము. అట్లే బాక్టీరియాకును మొదట ఏ మందును లేని మెత్తని ద్రవము నిత్తురు.

సాల్మొనెల్లా పరీక్షకు ప్రపంచమంతట వాడుకలో నున్న అంతర్జాతీయ పద్ధతి యిట్లుండును. 25 గ్రాముల ఆహారమును 225 మిల్లీలీటర్ల పెప్టోన్ నీటిలో కలుపుదురు. అనగా ఒకటికి తొమ్మిది పాళ్లు. పెప్టోన్ అనగా ముందుగనే జీర్ణముచేసిన మాంసకృత్తు. ఇందులో లీటరుకు 10 గ్రాముల పెప్టోన్, 5 గ్రాముల ఉప్పు, కొంచెము ఫాస్ఫేటు లవణములు ఉండును. దీనిని సుమారు 37 డిగ్రీల వేడివద్ద 18 గంటలు ఉంచుదురు. ఈ ఫాస్ఫేటులు ఎందుకని తోచవచ్చును. 18 గంటలలో ఇతర బాక్టీరియా కూడ పెరిగి పులుపును పుట్టించును. ఆరోగ్యముగ నున్నది ఆ పులుపును తట్టుకొనును గాని, దెబ్బ తిన్నది తట్టుకొనలేదు. ఫాస్ఫేటు ఆ పులుపును విరిచి, ద్రవమును పులుపు గాని క్షారము గాని కాని స్థితిలో నిలుపును. చౌడునేలలో జిప్సము వలె, చిన్న వస్తువే గాని పని పెద్దది.

ఈ విశ్రాంతి తీరిన పిమ్మట దానిలో పదవవంతు మిల్లీలీటరు తీసి రాపపోర్ట్ అను కఠినమైన ద్రవములో వేసి 41.5 డిగ్రీలవద్ద 24 గంటలు ఉంచుదురు. మరి కొంత తీసి టెట్రాథయోనేటు ద్రవములో వేయుదురు. ఇప్పుడు కలుపుమందు పనిచేయవచ్చును. నారు వేరు పట్టినది గదా. అటుపిమ్మట ఆ ద్రవమును రంగుగల జెల్లీ పలకలపై గీతలుగా పూసి మరియొక దినము ఉంచగా, సాల్మొనెల్లా ఉన్నచో ఎర్రని పలకపై నడుమ నల్లని చుక్కగల పొక్కులవలె లేచును. దానిని ఇంకను రసాయనములతోను, రక్తరసముతోను పరీక్షించి నిర్ధారించుదురు. లేదని చెప్పుటకే ఈ పద్ధతిలో సుమారు మూడు దినములు పట్టును. ఉన్నదని రూఢిగా చెప్పుటకు మరి రెండు దినములు పట్టవచ్చును.

ఊళ్లో జనము జబ్బుపడియుండగా అయిదు దినములు ఆగుమనుట కష్టమే. పై అధికారులు ఫోనులమీద ఫోనులు చేయుదురు. అయినను ఈ ఆలస్యములో ఎక్కువ భాగము బాక్టీరియా కోలుకొనుటకును పెరుగుటకును పట్టు కాలమేగాని పరీక్షశాలవారి సోమరితనము కాదని గ్రహింపవలెను. ఇటీవలి కాలమున జన్యుపదార్థమును గుర్తించు యంత్రములు వచ్చినవి. అవి పలకలపై పెంచు చివరి దినములను తగ్గించినవి. మొదటి విశ్రాంతిని మాత్రము తీసివేయలేదు. ఏలయన ఆ యంత్రము చచ్చిన బాక్టీరియా జన్యుపదార్థమును కూడ చూచి ఉన్నదనును. మిక్కిలి తక్కువగ నున్నచో బ్రతికియున్న దానిని కూడ చూడలేదు. ముందుగ పెంపకము జరిగిననే దాని మాటకు విలువ.

ఇతర జాతులకు ఉపాయములు కొంచెము వేరుగ నుండును. లిస్టీరియా అను బాక్టీరియాను వెదకునప్పుడు మందు పూర్తిగా మానివేయరు. మొదటి ద్రవములో సగము పాలు మందు మాత్రమే వేసి 30 డిగ్రీలవద్ద ఒక దినము ఉంచి, తరువాత పూర్తి పాలు వేసిన ద్రవములోనికి మార్చుదురు. 2000 ప్రాంతమున అమెరికాలోని కాన్సాస్‌లో మరియొక యుక్తి కనిపెట్టిరి. అడుగున మందుగల జెల్లీ పోసి, అది గట్టిపడిన తరువాత పైన మందులేని జెల్లీని పలుచగ పోయుదురు. బాక్టీరియాను పై పొరపై పూయుదురు. మొదటి కొన్ని గంటలు అది మందు లేని చోట కోలుకొనును. ఈలోగా అడుగునుండి మందు మెల్లగ పైకి ఊరును. అప్పటికి కోలుకొన్నది నిలుచును, అక్కరలేనివి అణగిపోవును. బాక్టీరియాను ఒకచోటినుండి మరియొకచోటికి మార్చు పని లేకుండ, ఒక్క పలకలోనే రెండు పనులు జరుగును. దెబ్బ తిన్నవి ఎన్ని యున్నవో లెక్కించుటకు కూడ ఇది అనుకూలము. పెప్టోన్ నీటిలో పెంచినపుడు ఉన్నదా, లేదా అను జవాబు మాత్రమే వచ్చును గాని, మొదట ఎన్ని యుండినవో చెప్పుటకు వీలులేదు. మరికొందరు జెల్లీలో పైరువేటు అను పదార్థమును కలుపుదురు. పైన చెప్పిన పెరాక్సైడు విషమును అది విరిచివేయును.

పాలపొడి నేర్పిన పాఠము

పాలను పొడిగా మార్చు కర్మాగారములో వేడిగాలి 180 డిగ్రీలకు మించి యుండును. అంత వేడిలో ఏ క్రిమి బ్రతుకునని మీరనవచ్చును. కాని పాల బిందువునుండి నీరు ఆవిరియై పోవునప్పుడు ఆ బిందువు చల్లబడుచుండును, వేసవిలో కూజానీరు చల్లబడినట్లు. బిందువులోపలి వేడి గాలి వేడికి చాల తక్కువ. కనుక పొడిచేయుట క్రిమిసంహారము కాదు. ముందుగ చేసిన పాస్చరైజేషనే క్రిమిసంహారము. ఆ తరువాత చేరినది పొడిలో వేడిదెబ్బ, ఎండుదెబ్బ రెండును తిని, నెలల తరబడి నిద్రించియుండును.

1960 ల మధ్య అమెరికాలో అనేక రాష్ట్రములలో అక్కడక్కడ ఒకరిద్దరికి సాల్మొనెల్లా జబ్బు వచ్చినది. జాతి అరుదైనది, పేరు న్యూ బ్రన్స్‌విక్. రోగులు ఒకరికొకరు ఎరుగనివారు. విచారింపగా అందరును వాడినది పాలపొడియే. 1985 చివర ఇంగ్లండులో పసిపిల్లల పాలపొడివలన ఈలింగ్ అను మరియొక సాల్మొనెల్లా జాతి వ్యాపించినది. పొడిచేయు గోపురము లోపలి రేకునకు పడిన రంధ్రముగుండ పొడి వెలుపలి పొరలలోనికి పోయి, అక్కడ చెడి, మరల పాలపొడిలో కలిసినదని తేలినది. ఆ పొడిలో బాక్టీరియా ఎంత తక్కువగ నుండెననగా, మూసిన పొట్లములనేకము విప్పి పరీక్షించినను కొద్ది వానిలోనే దొరికినది. త్రాగినది పసిబిడ్డలు. వారికి కొద్దిపాటి బాక్టీరియా చాలును.

ఇట్టి పొడిని పరీక్షించునప్పుడు ఇంకొక జాగ్రత్త కావలెను. పొడిని ఒక్కసారిగ ద్రవములో వేసి గిలకొట్టరాదు. ఎండిపోయిన కణములోనికి నీరు ఒక్కమారుగ చొరబడినచో అది పగిలిపోవును. అందుచే పొడిని ద్రవముపై మెల్లగ చల్లి, కదపక, ఒక గంటసేపు తానుగ నాననిత్తురు. మన దేశపు ఆహార భద్రతా ప్రమాణముల ప్రకారము 25 గ్రాముల పాలపొడిలో ఒక్క సాల్మొనెల్లా కూడ ఉండరాదు. ఒక్కటియును ఉండరాదను నియమమునకు అర్థముండవలెనన్న, ఉన్న ఆ ఒక్కదానిని బ్రతికించి చూపగల పరీక్ష కావలెను.

మన గిన్నెయే పెప్టోన్ నీరు

ఇంతవరకు చదివి, కొన ఊపిరితో నున్న బాక్టీరియా మనకేమి కీడు చేయునని కొందరనుకొనవచ్చును. ప్రయోగశాలలో పెప్టోన్ నీటికి ఏ గుణములు కావలెనని చెప్పితిమో చూడుడు. మాంసకృత్తు, కొంచెము ఉప్పు, పులుపు లేకుండుట, 37 డిగ్రీల వేడి. మూతపెట్టి పొయ్యిగట్టుపై వదలిన కోడికూర, వేసవి రాత్రి మన ఇండ్లలో, దీనికి ఏమి తీసిపోయినది? పైత్యరస లవణములు అందులో లేవు. దెబ్బ తిన్న బాక్టీరియా కొద్ది గంటలలో పొరను అతుకుకొని, తరువాత అరగంటకొకమారు రెట్టింపగుట మొదలుపెట్టును. ఒకటి అయిదు గంటలలో వేయి అగును. పది గంటలలో పదిలక్షలగును.

మన ఇండ్లలో ఒక అలవాటు కలదు. సాయంత్రపు పాలు విరుగునేమోయని గోరువెచ్చ దాటునంత వరకు కాచి దింపుదురు. మిగిలిన కూరను అంచులు సలసలలాడగనే దింపుదురు, నడుమ ముక్కకు వేడి తగలదు. ఇట్టి 50, 55 డిగ్రీల వేడి బాక్టీరియాను చంపదు, గాయపరచును. పరీక్షను మోసగించుటకు ఇంతకన్న మంచి ఉపాయము లేదు! తినువారికి మాత్రము రక్షణ కలుగదు. పాలు పొంగి, పొంగు అణగిన తరువాత కూడ కొంతసేపు కాగవలెను. కోడిమాంసము నడిమి ముక్క 74 డిగ్రీలు చేరవలెను. ఉష్ణమాపకము లేనివారు ఎముకవద్ద ఎరుపు పోవువరకు, కూరంతయు కలియబెట్టుచు ఉడుకువచ్చువరకు ఉంచవలెను. వండినది రెండు గంటలలోపల తినవలెను, లేదా వెడల్పు పళ్లెములలో పోసి త్వరగ చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టవలెను.

ఇక్కడ ఒక మినహాయింపు చెప్పక తప్పదు. స్టెఫిలోకాకస్ కోవాలోను, పాల మిఠాయిలలోను పెరిగినప్పుడు ఒక విషమును విడుచును. మరిగించినను ఆ విషము చావదు. బాక్టీరియా అంతయు చచ్చి, విషము మాత్రము మిగిలిన ఆహారములో పెప్టోన్ నీరు ఎన్ని దినములుంచినను ఏమియు మొలవదు. తిన్న రెండు మూడు గంటలలోనే వాంతులు మొదలైనచో దీనిని అనుమానించి, విషమును వెదకు పరీక్ష చేయుడని ప్రత్యేకముగ కోరవలెను. సాల్మొనెల్లా వలన జబ్బు సాధారణముగ 12 గంటలు మొదలు 36 గంటలలో వచ్చును. జబ్బు ఎన్ని గంటలకు వచ్చినదో వ్రాసిపెట్టుకొనుట ఎంత ఉపయోగమో దీనివలన తెలియగలదు.

నమూనా పంపునప్పుడు

చట్టరీత్యా చర్యకు పనికివచ్చు నమూనాను సాధారణముగ ఆహార భద్రతాధికారి తీయును. ఆయన వచ్చువరకు మిగిలిన ఆహారము చెడకుండ కాపాడుట గ్రామాధికారి పని. మొట్టమొదట చేయవలసినది, ఆ గిన్నెను ఎవరును మరల పొయ్యి ఎక్కింపకుండ చూచుట. వంటవారు భయముచేతనో, పారవేయుటకు మనసొప్పకనో ఈ పని తప్పక చేయుదురు. వారిని కోపగించుకొనవద్దు. వేడిచేసినచో జవాబు దొరకదని చెప్పిన వినుదురు.

ఆహారమును తీయుటకు గరిటెను, మూతగల సీసాను నీటిలో పావుగంట మరగించి, చల్లారనిచ్చి వాడవలెను. ఫినాయిలు, డెట్టాలు మొదలగునవి తాకరాదు. రెండు మూడు చెంచాలు చాలవు. పరీక్షకు 25 గ్రాములు ఒక పర్యాయమునకే కావలెను, కనుక పావుకిలో వరకు, గిన్నెలో పైన, అడుగున, అంచున తీయుట మంచిది. మిగిలిన పచ్చిమాంసము గాని, పగులని గ్రుడ్లు గాని ఉన్నచో వేరు సీసాలో వేరుగ పంపవలెను. వానికి వేడి తగులలేదు, వానిలో త్వరగ కనబడవచ్చును. సీసాలను మంచుగడ్డల నడుమ పెట్టవలెను గాని గడ్డకట్టించరాదు. గడ్డకట్టుట కూడ వేడివలెనే గాయపరచును. 24 గంటలలోపల పరీక్షశాలకు చేర్చవలెను. పాలను రసాయన పరీక్షకు పంపునప్పుడు చెడకుండ ఫార్మలిన్ వేయు పద్ధతి కలదు. బాక్టీరియా పరీక్షకు పంపు పాలలో అది ఒక్క చుక్క పడినను నమూనా వ్యర్థము. ఒకమారు మా ఎరుకలో ఒక మంచి ఉద్యోగి శ్రద్ధకొలది ఆరు సీసాలలోను ఫార్మలిన్ వేసి పంపెను. ఆరును పారబోయవలసి వచ్చినది.

సీసాతోపాటు పంపు కాగితములో ఆహారము పేరు, తేదీ వ్రాసి ఊరకుందురు. అది చాలదు. ఎప్పుడు వండినది, ఎన్ని గంటలు బయట ఉన్నది, తరువాత ఎన్నిమారులు వేడిచేసినది, ఉడుకువచ్చినదా లేక వెచ్చబడినది మాత్రమేనా, ఈ నాలుగు సంగతులును వ్రాయుడు. "రెండుమారులు వెచ్చజేసినది" అన్న ఒక్క మాట చూచిన పరీక్షకుడు ఆ నమూనాను నేరుగ కఠినమైన ద్రవములో వేయడు. జవాబు వచ్చిన తరువాత కూడ "కనబడలేదు" అని యున్నచో, ఎన్ని గ్రాములలో చూచిరి, ముందుగ విశ్రాంతి నిచ్చిరా, ఎన్ని గంటలు అని అడుగుటకు సంకోచింపవలదు. రోగుల మలమును ప్రాథమిక ఆరోగ్య కేంద్రముద్వారా పరీక్షింపించుట కూడ మరువరాదు. ఆహారములో గాయపడియున్న బాక్టీరియా రోగి ప్రేగులలో కోలుకొని హెచ్చుగ నుండును. అక్కడ దొరుకుట సులభము.

సీసాపై అంటించు చీటీని పెన్సిలుతో వ్రాయుడు. సిరా మంచునీటిలో తడిసి చెదరిపోవును.